నియో జియో బోర్డు మీద బ్యాటరీ కారిపోయింది: తీసేయవచ్చా, దాని స్థానంలో ఏది పెట్టాలి?

రూపాయిబిళ్ళ (బెంగళూరు):

అందరికీ నమస్కారం. మా మేనమామగారు తొంభైల చివర్లో హిందూపురం బస్టాండు దగ్గర వీడియో గేమ్ దుకాణం నడిపేవారు. రూపాయి బిళ్ళ వేస్తే ఒక ఆట. ఆ దుకాణంలోని నాలుగు యంత్రాల్లో మూడు అమ్ముడుపోగా, మిగిలిన ఒక్కటి గోడౌనులో వేరుశనగ బస్తాల వెనక పదేళ్ళకు పైగా పడి ఉంది. దాన్ని కిందటి ఏడాది టాటా ఏస్‌లో ఎక్కించి మారతహళ్ళిలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. లోపల ఉన్నది ఎస్.ఎన్.కె. కంపెనీ 1990 లో తెచ్చిన నియో జియో ఎం.వి.ఎస్. వ్యవస్థ. ఆట ఉండే క్యాసెట్ ఒకే ఒక్కటి పట్టే బోర్డు, మీద ఎం.వి.-1ఎఫ్.జెడ్. అని అచ్చు వేసి ఉంది. క్యాసెట్ మెటల్ స్లగ్.

తెచ్చిన కొత్తలో ఆట బాగానే నడిచింది. పవర్ సప్లై మార్చి, బోర్డు దగ్గర 5 వోల్టులు సరిగ్గా అందుతున్నాయని చూసుకుని ఆన్ చేస్తే బొమ్మా శబ్దమూ రెండూ వచ్చాయి. ఒకటే లోపం ఉండేది. ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం, నేను పెట్టుకున్న సెట్టింగులు, పిల్లలు కష్టపడి తెచ్చుకున్న హై స్కోర్లు అన్నీ చెరిగిపోయేవి. పాత బ్యాటరీ ఛార్జి నిలుపుకోవడం లేదని అర్థమైనా, ఆట నడుస్తోంది కదా అని వదిలేశాను. ఈ వానాకాలంలో ఒకరోజు ఆన్ చేయగానే తెర మీద "క్యాలెండర్ ఎర్రర్" అని వచ్చి, యంత్రం అక్కడే నిలిచిపోయింది.

బోర్డు బయటికి తీసి చూశాను. బ్యాటరీ బొటనవేలి చివరంత ఉంటుంది. మూడు బిళ్ళలను పేర్చి నీలం ప్లాస్టిక్ తొడుగు తొడిగినట్టు ఉంది, దాని మీద 3.6 వోల్టులు, 60 మిల్లీ ఆంపియర్ అవర్ అని ఉంది. తొడుగు ఒక కొసన చిట్లింది. ఆ చిట్లిన చోట తెల్లటి పొడి, పొడి అంచున నీలం, ఆకుపచ్చ కలిసిన పొరలు కట్టి ఉన్నాయి. అక్కడి నుంచి రెండు అంగుళాల మేర బోర్డు మీది ఆకుపచ్చ పూత కింద రాగి గీతలు నల్లబడ్డాయి. మల్టీమీటర్ పెడితే బ్యాటరీలో 0.2 వోల్టులే మిగిలాయి.

ఇక్కడ ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డులో ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. మొదటివారు దాన్ని పీకేసి, అదే చోట ఒక హోల్డరు సోల్డర్ చేసి, సి.ఆర్.2032 గుండ్రటి సెల్ పెడితే చాలన్నారు. రెండోవారు బ్యాటరీ తీశామంటే ఆటే పోతుందని, ఆ తర్వాత బోర్డు ఎవరికీ బాగుపడదని గట్టిగా చెప్పి, ముట్టుకోకుండా తిప్పి పంపారు. ఇద్దరి మాటల మధ్యా నాకు ధైర్యం చాలడం లేదు. సోల్డరింగ్ నాకు కొంత వచ్చు, ఇంట్లో రేడియోలు, అడాప్టర్లు బాగుచేసుకుంటాను. ఈ బ్యాటరీని నిర్భయంగా తీయవచ్చా? తీస్తే దాని స్థానంలో ఏది పెట్టడం మంచిది? ఆ "క్యాలెండర్ ఎర్రర్" కొత్త బ్యాటరీతో పోతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాతబోర్డు (బెంగళూరు):

రూపాయిబిళ్ళ గారూ, మీరు ఇది చదివిన వెంటనే చేయవలసిన పని ఒకటుంది: ఆ బ్యాటరీని ఈ రోజే బోర్డు నుంచి వేరు చేయండి. కొత్తది ఏదన్నది తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. కారుతున్న బ్యాటరీ బోర్డు మీద ఉన్నన్ని రోజులూ అది రాగిని తింటూనే ఉంటుంది, యంత్రం ఆఫ్‌లో ఉన్నా ఆ పని ఆగదు.

తీస్తే ఆట పోతుందన్న భయం ఎం.వి.ఎస్. విషయంలో అక్కర్లేదు. ఆట మొత్తం క్యాసెట్‌లోని రోమ్ చిప్పుల్లో ఉంటుంది, దానికి బ్యాటరీతో సంబంధం లేదు. ఈ బ్యాటరీ కాపాడేవి రెండే. ఒకటి, 64 కిలోబైట్ల బ్యాకప్ ర్యామ్. సెట్టింగులు, ఎన్ని నాణేలు పడ్డాయన్న లెక్క, హై స్కోర్లు అందులోనే ఉంటాయి. రెండోది, తేదీ, సమయం చూసుకునే క్లాక్ చిప్. యంత్రం ఆన్‌లో ఉన్నప్పుడు ఈ రెండింటికీ పవర్ సప్లై నుంచే కరెంటు అందుతుంది. అందుకే బ్యాటరీ చచ్చిపోయి ఉన్నా మీ ఆట అన్ని నెలలు నడిచింది. బ్యాకప్ ర్యామ్‌లో అర్థంలేని సమాచారం కనిపిస్తే బోర్డు మీది బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) దాన్ని తుడిచి, తనంతట తానే మొదటి సెట్టింగులు రాసుకుంటుంది.

"క్యాలెండర్ ఎర్రర్" రావడం కూడా ఇదే చెబుతోంది. అది కేవలం ఛార్జి లేని బ్యాటరీ వల్ల వచ్చే సందేశం కాదు. ఆన్ అయ్యే సమయంలో క్లాక్ చిప్ నుంచి రావలసిన స్పందన రాకపోతే బయోస్ ఆ మాట చూపిస్తుంది. మీ బోర్డులో ఉండేది ఎన్.ఇ.సి. వారి యు.పి.డి.4990ఎ అనే 14 కాళ్ళ చిప్, దానికి పక్కనే గడియారానికి లయ ఇచ్చే 32.768 కిలోహెర్ట్జ్ స్ఫటికం ఉంటుంది. కారిన ద్రవం ఆ చిప్ కాళ్ళనో, స్ఫటికం కాళ్ళనో, వాటి మధ్య ట్రాకులనో, అంటే రాగి గీతలనో, తినేసి ఉంటుంది. కాబట్టి మీరు ఎంత మంచి బ్యాటరీ వేసినా, తెగిన ట్రాకు దొరికేదాకా ఆ సందేశం పోదు. మీకు అసలు పని అక్కడుంది. బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని, అది వదిలి వెళ్ళినదాన్ని శుభ్రం చేయడానికి ఒక ఆదివారం మొత్తం పడుతుంది.

తీసేటప్పుడు బ్యాటరీని పట్టుకుని ఊపవద్దు. కుళ్ళిన సోల్డర్ కింద ప్యాడ్, అంటే కాలు అతికే రాగి బిళ్ళ, బోర్డును సరిగ్గా అంటిపెట్టుకుని ఉండదు, బలంగా లాగితే ప్యాడ్ కూడా ఊడి వస్తుంది. ముందు పై నుంచి కట్టరుతో కాళ్ళు కత్తిరించి బ్యాటరీని పక్కన పెట్టండి. తర్వాత మిగిలిన కాళ్ళను ఒక్కొక్కటిగా కింది నుంచి వేడి చేసి తీయండి. పాత సోల్డర్ బూడిదరంగుకు తిరిగి ఎంత వేడి చేసినా కరగకపోతే, కాస్త ఫ్లక్స్ రాసి, దాని మీదే కొత్త 60/40 సోల్డర్ కొద్దిగా కలపండి. అప్పుడు రెండూ కలిసి కరిగి, సోల్డర్ పీల్చే పంపుకు సులువుగా వస్తాయి. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఆ ద్రవం పొటాషియం హైడ్రాక్సైడ్, అది చర్మానికీ కళ్ళకీ మంచిది కాదు.

శుభ్రం చేయడంలో చాలామంది పొరపాటు పడతారు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ కారితే వంటసోడా చల్లడం అందరికీ అలవాటు, ఎందుకంటే అందులో ఉన్నది ఆమ్లం. మీ బోర్డు మీది నికెల్ కాడ్మియం బ్యాటరీలో ఉన్నది క్షారం. దాని మీద మళ్ళీ క్షారమే చల్లితే ప్రయోజనం ఉండదు. దీనికి కావలసింది పలుచటి ఆమ్లం, అంటే కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్. పాత టూత్‌బ్రష్‌ను అందులో ముంచి, పొడి కట్టిన చోట మెల్లగా రుద్దండి. చిన్నగా బుడగలు వస్తే క్షారం ఇంకా మిగిలి ఉందని గుర్తు. బుడగలు ఆగేదాకా రెండు మూడుసార్లు చేయండి. ఆ తర్వాత వెనిగర్‌ను కూడా బోర్డు మీద వదలకూడదు. డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి నీటిని తరిమేసి, ఫ్యాను కింద ఒక రోజంతా ఆరనివ్వండి. కొన్ని దుకాణాల్లో థిన్నర్ పోసి తుడిచి ఇచ్చేస్తారు. థిన్నర్‌తో జిడ్డు పోతుంది గానీ ఈ లవణాలు అందులో కరగవు, నెల తిరిగేసరికి తెల్లపొడి మళ్ళీ పూస్తుంది.

ఆరిన తర్వాత నల్లబడిన చోట ఆకుపచ్చ పూతను గ్లాస్ ఫైబర్ పెన్నుతో, అది లేకపోతే అతి సన్నటి ఎమరీ కాగితంతో, రాగి మెరిసేదాకా గీకండి. నల్లని చోటు ఎక్కడ ఆగి రాగి రంగు మొదలవుతుందో అక్కడిదాకా తప్పక వెళ్ళండి. సగంలో ఆపితే మిగిలిన సగం పూత కింద కుళ్ళుతూనే ఉంటుంది. ఆ తర్వాత మల్టీమీటర్‌ను బీప్‌లో (దారి తెగకుండా ఉంటే మోగేలా) పెట్టి ప్రతి ట్రాకునూ ఈ చివర నుంచి ఆ చివరకు చూడండి. బోర్డు రెండు వైపులనూ కలిపే సన్నటి రంధ్రాలను మరిచిపోవద్దు. పైకి బాగానే కనిపించి, లోపల గోడ తినేసి ఉండేవి అవే. తెగినచోట సన్నటి ఇన్సులేటెడ్ వైరుతో, చిప్ కాలు నుంచి చిప్ కాలుకే కలపండి. తరిగిపోయిన ట్రాకు మీద సోల్డర్ పూస్తే అది రెండు నెలలకు మించి నిలవదు. శుభ్రం చేసిన రాగి మీద పలుచగా సోల్డర్ పట్టించి, చివర్లో ఒక పొర లాకర్ (వార్నిష్ లాంటి పూత) వేయండి.

ఇక దేనితో మార్చాలన్నది. మీకు మొదటి దుకాణంలో ఇచ్చిన సలహా, అదే చోట నేరుగా సి.ఆర్.2032 పెట్టడం, ప్రమాదకరం. ఈ బోర్డులో ఆన్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీని ఛార్జి చేసే సర్క్యూట్ ఉంది. సి.ఆర్.2032 ఛార్జి చేయకూడని లిథియం సెల్. దానిలోకి కరెంటు ఎక్కిస్తే ఉబ్బి, పగిలి, లోపలి రసాయనం చిమ్మే అవకాశం ఉంది. ఆ సెల్‌ను పెట్టాలంటే ఛార్జింగ్ దారిని మూసివేయాలి. కొందరు ఛార్జింగ్ రెసిస్టరును పీకేస్తారు. కానీ కొన్ని బోర్డుల్లో బ్యాటరీ నుంచి ర్యామ్‌కు కరెంటు వెళ్ళే దారి కూడా అదే రెసిస్టరు గుండా ఉంటుంది, దాన్ని తీస్తే బ్యాకప్ మొత్తం ఆగిపోతుంది. అందుకని సెల్ ప్లస్‌కూ బోర్డుకూ మధ్య ఒక డయోడ్ వరుసలో పెట్టడం తేలిక. డయోడ్ గీత ఉన్న వైపు బోర్డు వైపు ఉండాలి. కరెంటు సెల్ నుంచి బోర్డుకు వెళ్తుంది, వెనక్కి రాదు. వోల్టేజి తక్కువ తగ్గాలంటే 1ఎన్5817 వంటి షాట్కీ డయోడ్ వాడండి.

ఛార్జింగ్ సర్క్యూట్‌ను అలాగే ఉంచాలనుకుంటే 3.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ వేయవచ్చు. ఏది వేసినా దాన్ని బోర్డు మీద మాత్రం సోల్డర్ చేయవద్దు. ఒక జానెడు వైరు తీసి, యంత్రం చెక్క గోడకు బిగించండి. ఈసారి కారితే చెక్క మీద కారుతుంది, బోర్డుకు ఏమీ కాదు.

మైలాపూర్_మిత్ర (చెన్నై):

పాతబోర్డు గారు చెప్పినదానిలో దాదాపు అంతటితోనూ ఏకీభవిస్తున్నాను. రెండు మూడు విషయాలు చేర్చాలి, ఒక విషయంలో విభేదించాలి.

విభేదించేది డయోడ్ గురించి. షాట్కీ డయోడ్‌లో వోల్టేజి తక్కువ తగ్గుతుందన్నది నిజమే గానీ, వెనక్కి లీకయ్యే కరెంటు కూడా దానిలోనే ఎక్కువ, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మనం డయోడ్ పెట్టేదే సెల్‌లోకి వెనక్కి కరెంటు పోకూడదని. మామూలు 1ఎన్4148 లో ఆ లీకేజి నానో ఆంపియర్లలోనే ఉంటుంది. సిలికాన్ డయోడ్ 0.7 వోల్టులు తినేస్తుందని పుస్తకాల్లో చదివి భయపడతాం గానీ, అది మిల్లీ ఆంపియర్లు పారేటప్పటి లెక్క. ఇక్కడ పారేది కొన్ని మైక్రో ఆంపియర్లే కాబట్టి 1ఎన్4148 దగ్గర తగ్గేది సుమారు 0.4 వోల్టులు. 3 వోల్టుల సెల్ నుంచి బోర్డుకు 2.6 అందుతుంది. ఇలాంటి 32 కిలోబైట్ల ర్యామ్ చిప్పులకు సమాచారం నిలుపుకోవడానికి 2 వోల్టులు చాలు. మా చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో రూపాయికో రెండు రూపాయలకో దొరికే ఆ డయోడే నేను నా బోర్డుల్లో వాడుతున్నాను.

దానితోపాటు ఒక 1 కిలో ఓమ్ రెసిస్టరును కూడా సెల్‌తో వరుసలో పెట్టండి. డయోడ్ ఎప్పుడైనా షార్ట్ అయినా సెల్‌లోకి దూసుకువెళ్ళే కరెంటును అది అదుపులో ఉంచుతుంది. దానికి మరో ఉపయోగం కూడా ఉంది. యంత్రం ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ రెసిస్టరు రెండు చివరల మధ్య వోల్టేజి కొలవండి. 1 కిలో ఓమ్ కాబట్టి ఒక్కో మిల్లీవోల్టుకూ ఒక్కో మైక్రో ఆంపియరు. ఉదాహరణకు 10 మిల్లీవోల్టులు కనిపించాయనుకోండి, బోర్డు 10 మైక్రో ఆంపియర్లు తాగుతోందని అర్థం. సి.ఆర్.2032 సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్, అంటే 22,000 గంటలు, రెండున్నరేళ్ళు. మీ పాత 60 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ ఇదే లెక్కన కొత్తగా ఉన్నప్పుడు కూడా 250 రోజులకు మించి నిలవదు. పైగా నికెల్ కాడ్మియం సెల్ ఏ పనీ చేయకపోయినా తనంతట తాను ఛార్జి పోగొట్టుకుంటుంది. గోడౌనులో పదేళ్ళంటే అది మొదటి సంవత్సరంలోనే అడుగంటి ఉంటుంది. అలా పూర్తిగా ఖాళీ అయినప్పుడు మూడు సెల్‌లలో బలహీనమైనది ముందుగా అడుగంటి, మిగిలిన రెండింటి ఒత్తిడికి తలకిందులుగా ఛార్జి అవుతుంది. లోపల వాయువు పుట్టి సీలు వదులయ్యే కారణాల్లో అదొకటి.

నికెల్ మెటల్ హైడ్రైడ్ వైపు వెళ్ళాలనుకుంటే ప్రత్యేకంగా తెప్పించుకోనక్కర్లేదు. కార్డ్‌లెస్ ఫోన్లలో వచ్చే ప్యాక్ చూడండి, మూడు సెల్‌లు కట్టి వైరు, కనెక్టరుతో సహా 3.6 వోల్టులకు అమ్ముతారు. కాకపోతే అందులో 600 మిల్లీ ఆంపియర్ అవర్ దాకా ఉంటుంది, మీ బోర్డు ఛార్జింగ్ కరెంటేమో 60 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీకి సరిపడేలా పెట్టింది. ఆ కరెంటు 2 మిల్లీ ఆంపియర్లే అయితే ఖాళీ ప్యాక్ నిండడానికి 300 గంటలకు పైనే పడుతుంది. కాబట్టి ముందు ఫోను స్టాండు మీద పెట్టి పూర్తిగా ఛార్జి చేసి, ఆ తర్వాత బిగించండి. వారానికి కొన్ని గంటలైనా ఆడే యంత్రానికి ఇది మంచి పద్ధతి. నెలల తరబడి దుప్పటి కప్పి ఉంచే యంత్రానికి మాత్రం మళ్ళీ అదే ఖాళీ కావడం, అదే కారడం. దానికి డయోడ్‌తో సి.ఆర్.2032 మేలు.

ఎల్.ఐ.ఆర్.2032 అని ఛార్జి చేయగలిగే లిథియం సెల్ కూడా దుకాణాల్లో చూపిస్తారు, అదే సైజు కాబట్టి సరిపోతుందంటారు. దయచేసి అది పెట్టవద్దు. ఆ సెల్‌ను 4.2 వోల్టుల దగ్గర ఖచ్చితంగా ఆపాలి. 5 వోల్టుల నుంచి ఒక డయోడ్, ఒక రెసిస్టరు గుండా వచ్చే ఈ పాత సర్క్యూట్‌కు ఆపడం తెలియదు, 4.2 దాటించేస్తుంది.

చివరగా రెండోవారు చెప్పిన మాట గురించి. "తీస్తే ఆటే పోతుంది" అన్నది మీ బోర్డుకు వర్తించదు గానీ, ఆయన భయం గాలిలోంచి పుట్టలేదు. మన ఊళ్ళ దుకాణాల్లో అందరూ "ముస్తఫా" అని పిలిచిన క్యాప్‌కామ్ వారి 1993 నాటి ఆట గుర్తుందా? దాని అసలు బోర్డులో శబ్దం చూసుకునే ప్రాసెసర్‌కు కావలసిన తాళంచెవి లాంటి సమాచారం బ్యాటరీ ఆధారంగానే నిలిచి ఉంటుంది. అదే ఏడాది అదే కంపెనీ నుంచి వచ్చిన సి.పి.ఎస్.-2 బోర్డుల్లో ఆట ప్రోగ్రామ్ తాళంచెవే అలా ఉంటుంది. బ్యాటరీ ఖాళీ అయిందా, ఆ తాళంచెవి చెరిగిపోతుంది, ఆట లేవదు. ఆ బ్యాటరీ ఛార్జి అయ్యేది కూడా కాదు, 3.6 వోల్టుల లిథియం. అక్కడైతే కొత్తదాన్ని ముందు సమాంతరంగా కలిపిన తర్వాతే పాతదాన్ని విడదీయాలి. సి.పి.ఎస్.-2 లో చెరిగిన తాళంచెవిని ఇప్పుడు మళ్ళీ రాసే పద్ధతి వచ్చింది గానీ, చెరగకుండా చూసుకోవడమే సులువు. ఆయన అలాంటి బోర్డు ఏదో చేతిలో చనిపోవడం చూసి ఉంటారు. ఏ పాత బోర్డు దగ్గరైనా కట్టరు పట్టుకునే ముందు అది ఏ బోర్డు, ఆ బ్యాటరీ దేన్ని కాపాడుతోంది అన్న రెండు ప్రశ్నలకు సమాధానం తెలిసి ఉండాలి.

రూపాయిబిళ్ళ (బెంగళూరు):

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆ రోజు రాత్రే బ్యాటరీ కాళ్ళు కత్తిరించి తీశాను. మిగిలిన పని నిన్నటి ఆదివారం చేశాను.

వెనిగర్ తగలగానే బుడగలు వచ్చాయి, మూడోసారికి ఆగాయి. పొడి పోయిన తర్వాత కనిపించిన దృశ్యం నేను అనుకున్నదానికంటే బాధ కలిగించింది. ఎమరీ కాగితంతో ఆకుపచ్చ పూత గీకుతుంటే కొన్నిచోట్ల కింద మెరిసే రాగి బదులు నల్లటి మసి మాత్రమే రాలింది. అక్కడ ట్రాకు అచ్చు మిగిలింది గానీ లోహం మిగల్లేదు. మీరు చెప్పినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు చూసుకుంటూ వెళ్తే మూడు తెగినవి దొరికాయి. వాటిలో ఒకటి క్లాక్ చిప్ కాలు నుంచి బయలుదేరి, రంధ్రం గుండా కింది వైపుకు దిగే ట్రాకు. కంటికి అది పూర్తిగా బాగుంది. పై వైపు రంధ్రం అంచు దాకా బీప్ వచ్చింది, కింది వైపు నుంచి బీప్ వచ్చింది, రెండు వైపులకూ మధ్య మాత్రం రాలేదు. భూతద్దం పెట్టి చూస్తే రంధ్రం లోపలి గోడ ఆకుపచ్చగా ఉంది. మూడింటికీ చిప్ కాలు నుంచి చిప్ కాలుకు వైర్లు వేశాను.

బ్యాటరీ ఏదీ పెట్టకుండానే ఒకసారి ఆన్ చేశాను. "క్యాలెండర్ ఎర్రర్" రాలేదు. నేరుగా ఆట వచ్చింది. పాతబోర్డు గారు చెప్పింది అక్షరాలా నిజమని నా కళ్ళతో చూశాను. మా అబ్బాయి పక్కనే నిలబడి ఉన్నాడు, ఆ సంగీతం మొదలవగానే వాడు వేసిన కేకకు పక్కింటివారు తలుపు తీశారు.

మా యంత్రం ఆదివారాలు మాత్రమే ఆడతాం, ఊరికి వెళ్తే నెలరోజులు ముట్టుకోం. అందుకని సి.ఆర్.2032 వైపే మొగ్గాను. ఎస్.పి. రోడ్డులో హోల్డరు, 1ఎన్4148, 1 కిలో ఓమ్ రెసిస్టరు తీసుకుని, జానెడు వైరుతో చెక్కకు బిగించాను. ఆఫ్‌లో రెసిస్టరు దగ్గర 7 మిల్లీవోల్టులు చూపించింది. అంటే మీ లెక్కన మూడున్నరేళ్ళు. తేదీ, సమయం పెట్టి, ఆఫ్ చేసి, రాత్రంతా వదిలి ఈ ఉదయం చూశాను. గడియారం సరిగ్గానే ఉంది, పిల్లల స్కోర్లు ఉన్నాయి.

ఇక రెండు సందేహాలు. ఆన్‌లో ఉన్నప్పుడు సెల్‌లోకి కరెంటు పోవడం లేదని ఖచ్చితంగా తెలుసుకోవడం ఎలా? ఈ పాత బ్యాటరీని ఏం చేయాలి?

పాతబోర్డు (బెంగళూరు):

చాలా సంతోషం. రంధ్రం గోడను పట్టుకున్నారంటే ఓపికగా వెతికారు, చాలామంది అక్కడే ఓడిపోయి క్లాక్ చిప్‌ను మారుస్తారు. మైలాపూర్ మిత్రగారు డయోడ్ గురించి చెప్పింది సరైనదే. నేనూ ఒక 1ఎన్5817 ను వేడిగా ఉన్న యంత్రంలో కొలిచి చూశాను, కొన్ని మైక్రో ఆంపియర్లు వెనక్కి పోతున్నాయి. ఇకపై 1ఎన్4148 నే వాడతాను.

మీ మొదటి సందేహానికి అదే రెసిస్టరు సమాధానం. మల్టీమీటర్ మొనలను ఆఫ్‌లో కొలిచినప్పుడు పెట్టిన వైపే పెట్టి, ఈసారి యంత్రం ఆన్ చేసి, అరగంట ఆడి, క్యాబినెట్ లోపల వేడెక్కిన తర్వాత కొలవండి. సున్నా లేదా దాదాపు సున్నా కనిపించాలి. అంకెకు ముందు మైనస్ గుర్తు వచ్చి ఒకటి రెండు మిల్లీవోల్టులు దాటితే కరెంటు సెల్‌లోకి పోతోందని అర్థం. అప్పుడు వెంటనే సెల్ తీసేసి డయోడ్‌ను మార్చండి, లేదా అది తిరగబడి ఉందేమో చూడండి. డయోడ్ తిరగబడితే ఆఫ్‌లో కూడా బ్యాకప్ నిలవదు, మీకు నిలిచింది కాబట్టి దిశ సరిగ్గానే ఉంది.

పాత బ్యాటరీలో ఉన్న కాడ్మియం విషం, దాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీలను ఇంటి చెత్తతో కలపకుండా వేరుగా ఇవ్వాలి. ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, కొసలకు టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇచ్చేయండి. పిల్లలున్న ఇల్లు కాబట్టి ఆలోగా పైఅరలో ఉంచండి. శుభ్రం చేయడానికి వాడిన బ్రష్‌ను, గీకినప్పుడు రాలిన పొడిని తుడిచిన గుడ్డను కూడా అదే సంచిలో వేయండి.

మైలాపూర్_మిత్ర (చెన్నై):

ఒక చిన్న విషయం మాత్రం. సెల్ పెట్టిన తేదీని కాగితం మీద రాసి, హోల్డరు పక్కన చెక్కకు అంటించండి. ఆరు నెలలకొకసారి సెల్ వోల్టేజి చూసి, 2.7 కు దిగితే మార్చేయండి. మార్చేటప్పుడు యంత్రాన్ని ఆన్‌లో ఉంచి మార్చితే స్కోర్లు పోవు, ఆ సమయంలో ర్యామ్‌కు పవర్ సప్లై నుంచే అందుతుంది. హోల్డరు బోర్డుకు దూరంగా చెక్క మీదే ఉంది కనుక అది భయం లేకుండా చేయవచ్చు, స్క్రూడ్రైవరు మాత్రం బోర్డు వైపు పోనివ్వవద్దు.

రూపాయిబిళ్ళ (బెంగళూరు):

అరగంట ఆడిన తర్వాత కొలిచాను, 0.0 చూపించింది. సెల్ పెట్టిన తేదీ రాసి అంటించాను. వచ్చే నెల హిందూపురం నుంచి మామయ్యగారు వస్తున్నారు. ఆయన దగ్గర ఇంకో క్యాసెట్ ఉందట, దానిని కూడా తెమ్మని చెప్పాను.